నరవానరాలను చూసి మనిషి గురించి ఏం చెప్పవచ్చు, ఎంతవరకు చెప్పవచ్చు

నమస్కారం. టాంజానియా అడవిలో చింపాంజీలు జట్టుకట్టి పొరుగు గుంపులోని చింపాంజీలను ఒక్కొక్కటిగా చంపిన ఉదంతం తెలిశాక మీ బావగారు "హింస మన రక్తంలోనే ఉంది, అది మారేది కాదు" అని తేల్చేశారనీ, ఇంటర్ బైపీసీ చదువుతున్న మీ అమ్మాయి అందుకు ఒప్పుకోక, శాంతంగా బతికే బోనోబోలు కూడా మనకు అంతే దగ్గర చుట్టాలు కదా అని ఎదురు వాదించిందనీ రాశారు. ఇద్దరిలో ఎవరి మాట సరైనది, జన్యువులు 98 శాతం ఒకటే అయితే మనకూ వాటికీ తేడా ఎక్కడుంది, సింహాచలం కొండ దగ్గరి కోతుల మీద అమ్మాయి చిన్న ప్రాజెక్టు చేయాలంటే ఎలా మొదలుపెట్టాలి అని మూడు సంగతులు అడిగారు. నేను విశాఖపట్నంలో చాలా ఏళ్లు డిగ్రీ, పీజీ విద్యార్థులకు భౌతిక మానవశాస్త్రం బోధించాను. మీ మొదటి ప్రశ్నను తరగతిలో ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉండేవారు, అది అడగదగిన ప్రశ్న కూడా. కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందుగా ఒక చిక్కు విడదీయాలి. సింహాచలం మెట్ల దారిలో భక్తుల చేతుల్లోంచి కొబ్బరి చిప్పలు లాక్కుపోయేవి మకాక్ జాతి కోతులు. వాటికీ మనకూ ఉమ్మడి పూర్వీకులు రెండున్నర కోట్ల ఏళ్లకు ముందు ఉండేవారు. నరవానరాలు వేరు. వాటికి తోక ఉండదు, మెదడు పెద్దది, బాల్యం చాలా పొడవైనది. ఆఫ్రికాలోని చింపాంజీ, బోనోబో, గొరిల్లా, ఇండోనేషియా, మలేషియాల్లోని ఒరాంగుటాన్, ఇవీ పెద్ద నరవానరాలు. మన దేశంలో సహజంగా ఉన్న ఒకే ఒక నరవానరం ఈశాన్య రాష్ట్రాల అడవుల్లోని హూలాక్ గిబ్బన్, అది చిన్న నరవానరాల కోవలోకి వస్తుంది. చింపాంజీ, బోనోబోల వంశమూ మన వంశమూ విడిపోయి సుమారు 60, 70 లక్షల ఏళ్లు అయింది. అందువల్ల మనిషి చింపాంజీ నుంచి పుట్టాడనడం ఎలాంటిదంటే, మీ పెదనాన్నగారి అబ్బాయిని చూపించి ఈయన మా తాతగారు అనడం లాంటిది. తాతగారు ఒక్కరే కావచ్చు, కానీ ఆయన ఇప్పుడు లేరు, ఆయన పోలికలు మీ ఇద్దరిలోనూ వేర్వేరుగా దిగాయి. చింపాంజీలో కనిపించే ప్రతి గుణమూ మన పాత గుణమే అనుకోవడానికి వీల్లేదని దీన్ని బట్టే తెలుస్తుంది. ఈ 60 లక్షల ఏళ్లలో అవి కూడా మారాయి.

ఇక శాతాల సంగతి. చింపాంజీ జన్యుపటం 2005లో వెలువడింది. దాదాపు 300 కోట్ల అక్షరాలు, అంటే డీఎన్‌ఏలోని రసాయన గుర్తులు, ఉన్న ఆ పటాన్ని మన పటం పక్కన పెట్టి చూస్తే, ఒక్కొక్క అక్షరం మారిన చోట్లు సుమారు మూడున్నర కోట్లు తేలాయి, అంటే 1.2 శాతం. మధ్యలో కొత్తగా చేరిన, ఊడిపోయిన ముక్కలను కూడా లెక్కలోకి తీసుకుంటే తేడా ఇంకా పెరుగుతుంది. ఈ శాతం చుట్టరికం ఎంత దగ్గరిదో చెబుతుంది, ప్రవర్తన ఎలా ఉంటుందో చెప్పదు. చింపాంజీ, బోనోబోలు రెండూ మనకు సరిగ్గా సమాన దూరంలో ఉన్నాయి. ఆ రెండూ విడిపోయి పది, ఇరవై లక్షల ఏళ్లే అయింది. అయినా పొరుగు గుంపు ఎదురైనప్పుడు ఒకటి చంపడానికి వెళ్తుంది, మరొకటి పక్కన కూర్చుని తింటుంది. ఇంత దగ్గరి అన్నదమ్ముల మధ్యే ఇంత తేడా ఉన్నప్పుడు, 98 శాతం అన్న అంకెను పట్టుకుని మనిషి స్వభావం మీద తీర్పు చెప్పడం కుదరదు.

అలాగని మీ బావగారు చెప్పినదాన్ని తీసిపారేయను. చింపాంజీలను దశాబ్దాలపాటు పరిశీలించిన శాస్త్రవేత్త జేన్ గుడాల్ 1960 జూలైలో టాంజానియాలోని గోంబే అడవికి చేరినప్పుడు చింపాంజీలు శాంతంగా పండ్లు తిని బతికే జీవులనే అభిప్రాయం ఉండేది. చాలా ఏళ్లపాటు ఆమె కూడా అవి మొత్తం మీద మనకంటే మంచివే అనుకున్నారు. ఆ తర్వాత ఆమె గమనిస్తున్న గుంపు రెండుగా చీలింది. కొన్ని దక్షిణాన కహామా లోయకు వెళ్లిపోయాయి, మిగిలినవి ఉత్తరాన కాసకేలాలో ఉండిపోయాయి. 1974 జనవరిలో కాసకేలా మగవి చడీచప్పుడు లేకుండా దక్షిణానికి వెళ్లి, గోడి అనే మగ చింపాంజీ ఒంటరిగా మేస్తుండగా చుట్టుముట్టాయి. ఒకటి దాన్ని నేలకు అదిమిపట్టి ఉంచగా మిగతావి కొట్టి, కరిచి వదిలేశాయి. గోడి మళ్లీ కనిపించలేదు. 1978 నాటికి కహామా గుంపులో మగవాటిలో ఒక్కటీ మిగల్లేదు. దాడి చేసినవీ దాడికి గురైనవీ ఒకప్పుడు పక్కపక్కన కూర్చుని ఒకదాని ఒంట్లో మరొకటి పేలు చూసుకున్నవే. ఆ దృశ్యాలు ఎన్నో ఏళ్లు తనను వెంటాడాయని గుడాల్ రాశారు.

పరిశోధకులు అరటిపళ్లు పెట్టి అలవాటు చేయడం వల్లనే ఇలా జరిగిందని చాలామంది అన్నారు. అది న్యాయమైన సందేహమే. 18 చింపాంజీ గుంపుల, 4 బోనోబో గుంపుల దశాబ్దాల రికార్డులను కలిపి 2014లో చేసిన పరిశీలన దానికి జవాబిచ్చింది. చింపాంజీల్లో కళ్లారా చూసినవి, ఆనవాళ్లను బట్టి నిర్ధారించినవి, అనుమానించినవి అన్నీ కలిపి 152 హత్యలు లెక్కకు వచ్చాయి. మనుషుల జోక్యం ఎక్కువ ఉన్న చోట హత్యలు ఎక్కువ జరిగాయనడానికి ఆధారం దొరకలేదు. మగవాటి సంఖ్య, జనసాంద్రత ఎక్కువగా ఉన్న చోట్ల ఎక్కువగా జరిగాయి. ఉగాండాలోని ఎన్‌గోగో గుంపు పదేళ్లలో పొరుగువాటిలో 21 చింపాంజీలను చంపి, ఆ వైపు నేలను ఆక్రమించి తన పరిధిని 22 శాతం పెంచుకుంది. కాబట్టి గుంపుగా వెళ్లి పరాయివాణ్ని చంపడం ప్రకృతిలో లేనిదని ఎవరూ అనలేరు.

అయితే ఆ దాడులు ఎప్పుడు జరుగుతాయో చూడండి. తమవైపు నాలుగైదు ఉండి, ఎదుట ఒకటి చిక్కినప్పుడు జరుగుతాయి. రెండు గుంపులూ సమానంగా ఎదురుపడితే అరుపులు, కొమ్మలు విరవడం, వెనక్కి తగ్గడంతోనే చాలావరకు సరిపోతుంది. పొంగుకొచ్చే రక్తదాహం అయితే ఈ లెక్క ఉండదు. తమకు దెబ్బ తగలదన్న ధీమా ఉన్నప్పుడే పైకి వచ్చే ప్రవర్తన అది. పరిస్థితిని బట్టి వచ్చేదాన్ని మారనిది అనకూడదు. మీ బావగారి వాక్యంలో నేను ఒప్పుకోనిది ఆ రెండో సగాన్ని మాత్రమే.

మీ అమ్మాయి చెప్పినదానికి కూడా ఒక సవరణ అవసరం. బోనోబోను శాస్త్రవేత్తలు మొదట చింపాంజీ ఉపజాతిగా వర్ణించింది 1929లో, వేరే జాతిగా గుర్తించింది 1933లో. అవి కాంగో నదికి దక్షిణాన మాత్రమే ఉన్నాయి. ఆడవి జట్టుగా నిలబడతాయి. మితిమీరిన మగదాన్ని అన్నీ కలిసి తరిమికొడతాయి. కాంగోలోని కోకొలోపోరి అడవిలో రెండు వేర్వేరు గుంపులు కలిసి తిరగడం, పేలు చూసుకోవడం, తిండి పంచుకోవడం కూడా 2023లో ప్రచురించిన పరిశోధన వివరంగా చూపింది. నదికి దక్షిణాన గొరిల్లాలు లేకపోవడం వల్ల నేల మీది ఆకుకూరంతా బోనోబోలకే దక్కిందనీ, మేతకోసం చెదిరిపోవలసిన అవసరం లేక ఆడవి కలిసి ఉండగలిగాయనీ ఒక వాదం ఉంది. నాకు అది నమ్మదగినదిగానే కనిపిస్తుంది. కానీ 2024లో వచ్చిన మరో పరిశోధన, తరమడం, కొట్టడం వంటి కొట్లాటలను లెక్కపెట్టి, మగ బోనోబోలు గోంబే మగ చింపాంజీలకంటే ఎక్కువసార్లే దౌర్జన్యానికి దిగుతాయని తేల్చింది. తేడా ఏమిటంటే బోనోబో మగవి ఒంటికి ఒంటిగా తగవుపడతాయి, మందగా కలిసి మరొకదాని మీద పడడం చాలా అరుదు, కాబట్టి ప్రాణాల మీదికి రాదు. బోనోబోలు సాధువులు కావు. హింసను ఎంతవరకు పోనివ్వాలన్నది ఆ సమాజం అమరిక నిర్ణయిస్తోంది.

ఇప్పుడు మనిషి దగ్గరికి వద్దాం. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ మీరు చూసే ఉంటారు. లక్షల మంది, ఒకరికొకరు ముక్కూ మొహం తెలియనివాళ్లు, 32 కిలోమీటర్లు రాత్రంతా ఒకరి భుజం ఒకరికి రాసుకుంటూ నడుస్తారు. దారి పొడుగునా ఎవరెవరో నిలబడి ఎవరెవరికో మజ్జిగ, ప్రసాదం, మంచినీళ్లు అందిస్తారు. పరాయి గుంపు మగది కనబడితే చాలు ఒళ్లు నిక్కబొడుచుకునే చింపాంజీకి ఇది సాధ్యమే కాదు. అదే మనుషులు ముందే కూర్చుని పథకం వేసుకుని ఊళ్లు తగలబెట్టగలరు కూడా. క్షణికావేశంలో మనం చింపాంజీకంటే ఎంతో నెమ్మదస్తులం, ఆలోచించి చేసే హింసలో దానికంటే ఎంతో ముందున్నాం. ఈ రెండూ మనలో పక్కపక్కనే ఉన్నాయి. మనిషి మంచివాడా చెడ్డవాడా అని అడగడం మాని, అపరిచితుణ్ని ఓర్చుకునే శక్తి మనకు ఎక్కడి నుంచి వచ్చింది అని అడగాలి.

జవాబు పనిముట్లలో లేదు. చెదపురుగుల పుట్టలోకి గడ్డిపరక దూర్చి పురుగులను బయటికి లాగి తినే చింపాంజీని గుడాల్ 1960లోనే చూశారు. పడమటి ఆఫ్రికాలోని తాయి అడవిలో చింపాంజీలు గట్టి పెంకు గింజలను రాతి మీద పెట్టి మరో రాతితో పగలగొడతాయి. పిల్లలకు ఆ ఒడుపు చిక్కడానికి ఏళ్లు పడుతుంది. గోంబేలో నూనెతాటి చెట్లు ఉన్నా అక్కడివి ఆ పని చేయవు, అంటే ఒక్కో ప్రాంతానికి ఒక్కో ఆచారం ఉంది. జ్ఞాపకశక్తిలోనూ లేదు. క్యోటో విశ్వవిద్యాలయంలో అయుము అనే చింపాంజీ తెర మీద పావు సెకనులోపు మెరిసి మాయమైన అంకెల స్థానాలను వరసగా చూపించి విద్యార్థులను ఓడించిన సంగతి 2007లో ప్రచురితమైంది. వైద్యం కూడా మనకే పరిమితం కాదు. సుమత్రాలో రాకుస్ అనే ఒరాంగుటాన్ 2022లో ఒక తీగ ఆకులు నమిలి ఆ రసాన్ని తన చెంప మీది గాయానికి పదే పదే పూసి, ఆ ముద్దను దాని మీద అద్దింది, గాయం మానింది. దుఃఖం వాటికీ ఉంది. 1972లో తల్లి ఫ్లో చనిపోయాక ఎనిమిదేళ్ల ఫ్లింట్ తిండి మానేసి కొద్ది వారాల్లోనే చనిపోయింది. భాష మాత్రం ఇప్పటికీ మనదే. చేతి సంజ్ఞలు నేర్పిన నిమ్ అనే చింపాంజీ రికార్డులను మళ్లీ పరిశీలించిన హెర్బర్ట్ టెరేస్, అది వాక్యాలు కట్టడం లేదనీ, తిండి కోసం సంజ్ఞలను కలిపి వల్లిస్తోందనీ 1979లో ప్రకటించారు. కాంజీ అనే బోనోబో ఎన్నో ఇంగ్లీషు మాటలు అర్థం చేసుకుంది, అయినా దాని వాక్యాలు రెండు మూడు గుర్తులను దాటి పెద్దగా ఎదగలేదు.

నా తరగతుల్లో నేను ఎక్కువ సమయం కేటాయించింది ఒక పెట్టెకు. విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ 2005లో ప్రచురించిన ప్రయోగం అది. ఒక పెట్టె, దాని పైకప్పులో ఒక రంధ్రం, ముందు వైపు ఒక చిన్న తలుపు, లోపల తినుబండారం. ప్రయోగం చేసే మనిషి ముందుగా ఒక పుల్లతో పైరంధ్రంలో పొడుస్తాడు, తర్వాత ముందు తలుపు తీసి తిండి తీస్తాడు. పెట్టె నల్లగా ఉండి లోపల ఏముందో కనిపించనప్పుడు ఉగాండాలోని చింపాంజీలు రెండు పనులూ అలాగే చేశాయి. తర్వాత అదే పెట్టెను గాజులా పారదర్శకంగా చేసి చూపించారు. ఇప్పుడు పైరంధ్రం కింద ఒక అడ్డుపలక ఉందనీ, అక్కడ పొడవడం వల్ల తిండికి ఏమీ కాదనీ కళ్లకు కనిపిస్తోంది. చింపాంజీలు వెంటనే ఆ దండగమారి పని మానేసి నేరుగా తలుపు దగ్గరికి వెళ్లాయి. మూడు, నాలుగేళ్ల స్కాట్లండ్ పిల్లలు మాత్రం పారదర్శకమైన పెట్టె ముందు కూడా ముందుగా పైన పొడిచి, ఆ తర్వాతనే తలుపు తీశారు. కలహారి ఎడారి ప్రాంతపు పిల్లలూ ఇలాగే దండగ పనులను కూడా అనుకరిస్తారని 2010లో ప్రచురించిన మరో పరిశోధనలో తేలింది కాబట్టి, ఇది పాశ్చాత్యుల బడిచదువుల ప్రభావం అనుకోవడానికి లేదు.

ఈ ప్రయోగం చెప్పగానే విద్యార్థులు నవ్వేవారు, చింపాంజీయే తెలివైనది కదా అని. పెట్టె వరకు చూస్తే అది నిజమే. కానీ పెద్దవాళ్లు చేసే పనిలో కారణం కనిపించనివి ఎన్ని ఉంటాయో ఆలోచించండి. ఆవకాయ జాడీని కడిగి ఎండలో ఆరబెట్టి, తడి చెయ్యి తగలనివ్వకుండా పెట్టాలని మన ఇళ్లలో నేర్పినవాళ్లకు బూజు గురించీ సూక్ష్మజీవుల గురించీ తెలియదు. నేర్చుకున్న అమ్మాయి కారణం తెలిసేదాకా చేయనని కూర్చుంటే ఆ ఏడాది పచ్చడి పాడైపోయేది. చూపించినదంతా నమ్మి పూర్తిగా చేసే పిల్ల వందల తరాల అనుభవాన్ని తనకు తెలియకుండానే అందుకుంటుంది. చింపాంజీ తన కంటికి కనిపించిన కారణం మేరకే నేర్చుకుంటుంది, కాబట్టి ప్రతి తరమూ దాదాపు మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఈ గుడ్డి నమ్మకం మనల్ని మూఢాచారాల్లోకి కూడా దించుతుంది. రెండూ ఒకే గుణం నుంచి వచ్చాయి, ఒకటి వదిలి ఇంకొకటి ఉంచుకునే వీలు పరిణామం మనకు ఇవ్వలేదు.

ఇందుకు తోడైన ఇంకో గుణం ఆర్.కె. బీచ్‌లో సాయంత్రం పది నిమిషాలు నిలబడితే మీకే కనబడుతుంది. నాయనమ్మ చంకలోని ఏడాది పిల్లవాడు రేవు బయట లంగరు వేసి ఉన్న ఓడను వేలితో చూపిస్తాడు, వెంటనే ఆవిడ మొహం చూస్తాడు, మళ్లీ ఓడను చూస్తాడు. వాడికి ఓడ కావాలని కాదు. తాను చూసినదాన్ని ఆవిడ కూడా చూడాలని. అడవిలోని నరవానరాల్లో ఇలా వేలు చూపించడం దాదాపు కనిపించదు. మనుషుల మధ్య పెరిగినవి చూపిస్తాయి, కాంజీతో పాటు మరో రెండు బోనోబోలు, ద్రాక్షపండు ఎక్కడ దాచారో ఎదుటి మనిషి చూడనప్పుడు మరింత చురుగ్గా చూపించాయని 2025లో ప్రచురించారు. అంటే ఎదుటివాడికి తెలియదన్న సంగతి వాటికి తెలుస్తుంది. అయినా ఆ చూపించడం పండు కోసం. 2007లో 105 మంది రెండున్నరేళ్ల పిల్లలకూ, 106 చింపాంజీలకూ, 32 ఒరాంగుటాన్‌లకూ ఒకే పరీక్షలు పెట్టి చూసినప్పుడు, వస్తువులు, సంఖ్యలు, స్థలం విషయంలో పిల్లలూ చింపాంజీలూ దాదాపు సమానంగా నిలిచారు. ఇతరుల నుంచి నేర్చుకోవడం, ఇతరుల ఉద్దేశం కనిపెట్టడం దగ్గర పిల్లలు చాలా ముందుకు వెళ్లారు.

ఎదుటివాళ్ల మనసు మీద మనకున్న ఈ శ్రద్ధ ఎలా పుట్టిందన్నదానికి నాకు అన్నిటికంటే బలమైనదిగా తోచిన వివరణ సారా బ్లాఫర్ హర్డీది. ఆమె 1970లలో రాజస్థాన్‌లోని ఆబూ కొండ మీద మన కొండముచ్చులను పరిశీలించి పేరు తెచ్చుకున్న మానవశాస్త్రవేత్త. చింపాంజీ తల్లి బిడ్డను నెలల తరబడి మరొకరి చేతికి ఇవ్వదు. ఇవ్వకపోవడానికి కారణమూ ఉంది, అక్కడ పసిబిడ్డలకు ప్రాణభయం ఉంది. అందుకే ఒక కాన్పుకూ మరో కాన్పుకూ మధ్య చింపాంజీకి ఐదారేళ్లు, ఒరాంగుటాన్‌కు ఏడెనిమిదేళ్లు పడుతుంది. వేట, సేకరణల మీద బతికే మనుషుల్లో సైతం అది మూడు, నాలుగేళ్లే. మొదటి బిడ్డ తన తిండి తాను తెచ్చుకోలేని వయసులోనే రెండో బిడ్డ పుడుతుంది. ఒంటరి తల్లికి ఇది సాధ్యం కాదు. పురిటికి పుట్టింటికి వచ్చిన కూతురి బిడ్డను మన ఇళ్లలో ఎంతమంది ఎత్తుకుంటారో చూడండి. అమ్మమ్మ కాళ్లు చాపుకుని బిడ్డను వాటి మీద పడుకోబెట్టి నూనె రాసి నీళ్లు పోస్తుంది, పిన్ని తుడిచి సాంబ్రాణి పొగ వేస్తుంది, మేనమామ ఉయ్యాల ఊపుతాడు. రోజుల వయసు నుంచి ఇన్ని చేతులు మారే బిడ్డ, ఏ మొహం తనను ఆదరిస్తుందో, ఏ గొంతుకు తాను నవ్వాలో కనిపెట్టి బతకాలి. ఎదుటివాళ్ల మనసు చదవడం మనిషి బిడ్డకు మొదటి జీవనోపాధి అయిందని హర్డీ వాదన సారాంశం.

ఇక్కడే మీ మొదటి ప్రశ్నకు జవాబు ఉందని నా అభిప్రాయం. చింపాంజీల్లో ఈడుకు వచ్చిన ఆడవి సాధారణంగా పుట్టిన గుంపు విడిచి వేరే గుంపుకు వెళ్లిపోతాయి, మగవి ఉండిపోతాయి. అంతవరకు మన ఆచారంలాగే ఉంది. కానీ వెళ్లిపోయిన ఆడదానికి మళ్లీ పుట్టిల్లు లేదు. రాకపోకలు లేవు. దాని బిడ్డకు అమ్మమ్మ తెలియదు, మేనమామ తెలియదు. స్థిరమైన జంట బంధం లేకపోవడం వల్ల ఫలానా మగది ఈ బిడ్డకు తండ్రి అని గుంపు మొత్తం ఎరిగి ఉండే ఏర్పాటు కూడా లేదు. ఎన్‌గోగోలో ఆడ చింపాంజీలు పిల్లలు పుట్టే వయసు దాటాక కూడా చాలా ఏళ్లు బతుకుతాయని 2023లో వెల్లడైంది, కానీ కూతుళ్లు దగ్గర లేకపోవడంతో అవి మనవల పెంపకంలో పాలుపంచుకోవు. సరిహద్దు దాటి పొరుగు గుంపు మీద పడే మగ చింపాంజీ, ఆ గుంపులో తన తోబుట్టువు ఉండవచ్చన్న సంగతి ఎరగకుండానే దాని పిల్లలను చంపగలదు.

మనిషి చేసిన అతి పెద్ద మార్పు ఇల్లు విడిచి వెళ్లిన కూతురితో సంబంధం తెంచుకోకపోవడమే. కెనడా మానవశాస్త్రవేత్త బెర్నార్ షాపే ఈ వాదాన్ని 2008లో విస్తారంగా వివరించారు. పొరుగు గుంపులో మన ఆడపడుచు ఉంది, ఆమె పిల్లలు మనకు మేనల్లుళ్లు, ఆమె భర్త మనకు బావ. అపరిచితుల గుంపు కాస్తా వియ్యాలవారి ఊరు అవుతుంది. ఒకచోట పుట్టిన పని, పాట, మందు, మాట ఇంకోచోటికి ఆ దారినే నడిచి వెళ్తాయి. నా దృష్టిలో మనుషుల శాంతికి పునాది మంచి బుద్ధి కంటే ముందుగా ఈ రెండు వైపుల చుట్టరికమే. మీరూ మీ బావగారూ వాదించుకుని కూడా ఒకే పంక్తిలో కూర్చుని భోజనం చేయగలుగుతున్న ఆ సంబంధం నరవానరాల్లో మరెక్కడా లేదు. బోనోబోల్లో గుంపుల మధ్య స్నేహం ఉంది గానీ, ఈ చుట్టరికపు వల లేదు.

ఇన్ని ఉదాహరణలు ఇచ్చాను గానీ, బోనుల్లో పెరిగిన నరవానరాలనూ అమ్మానాన్నల దగ్గర పెరిగిన పిల్లలనూ పోల్చినప్పుడు ఆ పోలికను కొంత తగ్గించే చదువుకోవాలి. తాయి అడవిలో తల్లి పోయిన 18 పిల్లలను పెద్దవి చేరదీసి సాకాయనీ, అలా సాకినవాటిలో దాదాపు సగం మగవేననీ క్రిస్టఫ్ బోష్ బృందం 2010లో ప్రచురించింది. జూల ప్రయోగాలు మాత్రమే చదివినవారు చింపాంజీకి ఇంత ఉదారత ఉంటుందని ఊహించలేరు.

ఇక అమ్మాయి ప్రాజెక్టు. మన వైపు సాధారణంగా కనిపించేవి ఎర్రమొహం రీసస్ కోతులు. చింపాంజీలకు సరిగ్గా వ్యతిరేకంగా, వీటిలో ఆడవి పుట్టిన గుంపులోనే ఉండిపోతాయి, మగవి వెళ్లిపోతాయి. కాబట్టి అక్కడ అమ్మమ్మ, తల్లి, కూతురు పక్కపక్కనే కనబడతాయి. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే వీటిని చూసి చింపాంజీల గురించి రాసే పొరపాటు జరగదు. తీసుకోవలసిన ప్రశ్న చిన్నదిగా ఉండాలి. నేనైతే "దెబ్బలాడుకున్న రెండు కోతులు తర్వాత ఏం చేస్తాయి?" అన్నది తీసుకోమంటాను. జంతు ప్రవర్తన శాస్త్రవేత్త ఫ్రాన్స్ డి వాల్ 1970లలో నెదర్లాండ్స్‌లోని ఆర్న్‌హెమ్ జూలో చింపాంజీలు తగవు తర్వాత ముద్దుపెట్టుకుని కౌగిలించుకోవడం గమనించి, 1983లో రీసస్ కోతుల మీద దాన్ని లెక్కకట్టే పద్ధతిని ప్రచురించారు. పద్ధతి సులువు. తగవు ముగిసిన క్షణం నుంచి, దెబ్బ తిన్న కోతిని పది నిమిషాలు కళ్లు తిప్పకుండా అనుసరించాలి. తన ప్రత్యర్థి దగ్గరికి ఎప్పుడు వచ్చింది, ఎవరు ముందు కదిలారు, ఎక్కడ తాకారు అన్నది నిమిషం నిమిషానికీ రాయాలి. మర్నాడు అదే వేళకు, తగవు లేకుండా ఉన్నప్పుడు, అదే కోతిని మళ్లీ పది నిమిషాలు చూడాలి. మామూలు రోజుకంటే తగవు తర్వాతే రెండూ త్వరగా దగ్గరైతే అది రాజీ.

రాసేటప్పుడు చూసినది రాయాలి, అనిపించినది రాయకూడదు. "నవ్వింది" అని రాయవద్దు, "పెదవులు వెనక్కి లాగి పళ్లు కనబరిచింది" అని రాయమనండి, ఎందుకంటే రీసస్ కోతుల్లో అది లొంగుబాటు సూచన. సినిమాల్లో, ప్రకటనల్లో పళ్లికిలించి నవ్వుతున్నట్టు చూపించే చింపాంజీ కూడా చాలాసార్లు భయపడుతున్నదే. ఆటలో ఉన్న చింపాంజీ నోరు వదులుగా తెరుస్తుంది గానీ పైపళ్లు అంతగా బయటపెట్టదు. భక్తులు తిండి విసిరే వేళలో తగవులన్నీ ఆ తిండి గురించే ఉంటాయి కనుక, రద్దీ మొదలుకాకముందు పొద్దున్నే ఒక గంట, రద్దీ వేళ ఒక గంట చూసి రెండు పట్టికలూ విడివిడిగా ఉంచాలి. కోతులను చెవి చిరుగు, మచ్చ, తోక వంపు వంటి గుర్తులతో విడదీసి పేర్లు పెట్టుకోవడానికి మొదటి కొన్ని రోజులు కేటాయించాలి, అప్పుడు ఏమీ లెక్కపెట్టనక్కరలేదు. చేతిలో సంచీ, తిండి ఉండకూడదు. కళ్లలోకి సూటిగా చూడకూడదు, అది వాటికి సవాలు. పిల్లకూ తల్లికీ మధ్య నిలబడకూడదు. పెద్దవాళ్లు ఒకరు తోడు ఉండాలి. గీరినా, కరిచినా గాయాన్ని సబ్బునీళ్లతో పావుగంట కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా గురించి అడగాలి, ఇందులో నిర్లక్ష్యం పనికిరాదు. ఓ పాతిక తగవులైనా నమోదయ్యాక పట్టిక నాకు పంపమనండి. అమ్మమ్మ, తల్లి, కూతురి వరసలోని తగవులనూ మిగతా తగవులనూ విడదీసి లెక్క ఎలా కట్టాలో అప్పుడు రాస్తాను.